మాళేగావ్ యాత్రలో కొన్న ఘోడీ: వంశం కాగితం ఎంతవరకు నమ్మొచ్చు?

ధర్మాబాద్_రవి
మొన్న మార్గశిరంలో మాళేగావ్ యాత్రకి పోయాను. నాసిక్ దగ్గరి మాలేగావ్ కాదు, మన నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో ఖండోబా యాత్ర. ఊరికే చూసి వద్దామని పోయినవాణ్ణి లక్షా 85 వేలు పెట్టి ఒక మార్వాడీ జాతి ఘోడీని (ఆడగుర్రాన్ని) తోలుకొచ్చాను. ఇంట్లో ఇప్పటికీ నాతో సరిగ్గా మాటల్లేవు, అది వేరే కథ.

ఘోడీ మాత్రం బాగుంది. కుమ్మైత్ రంగు, 62 ఇంచులు, చెవుల కొసలు ఒకదానికొకటి తగులుతాయి, వెనక ఎడమకాలికి మేజోడు తొడిగినట్టు తెలుపు. ఒకటి రెండేళ్ళు ఎండ్యూరెన్స్‌కి (దూరం పందేలకి) తయారుచేసి 40 కిలోమీటర్ల పందెంలో దింపాలని, ఆ తర్వాత ఒక్క పిల్లను తీయాలని నా ఆలోచన. అందుకే దీని వంశం ఏంటో, దేని నుంచి ఏం వస్తుందో వెతుకుతున్నాను. అమ్మినాయన నాలుగు తరాల పేర్లున్న జిరాక్స్ కాగితం ఇచ్చాడు. అందులో బాగా పేరున్న స్టాలియన్ (పిల్లల కోసం ఉంచే మగగుర్రం) ఒకటి రెండుసార్లు వస్తుంది, తండ్రి వైపు మూడో తరంలో ఒకసారి, తల్లి వైపు నాలుగో తరంలో ఒకసారి. నిజం చెప్పాలంటే ఆ పేరుకే 60 వేలు ఎక్కువ పెట్టాను, పక్కనే కట్టేసిన కాగితం లేని ఘోడీని లక్షా 25 వేలకే ఇస్తానన్నాడు. తల్లి గురించి పేరు, రంగు తప్ప ఇంకేం లేదు. ఇలాంటి కాగితం ఎంతవరకు నమ్మొచ్చు? ఎవరిని అడిగితే తెలుస్తుంది?

బరంపురం_బుజ్జి
మా గంజాం జిల్లాలో గుర్రం అంటే పెళ్ళికొడుకు ఎక్కేదే గురూ. మీరు మాత్రం గుర్రానికే జాతకం చూపించి తెచ్చుకున్నారు.

మోడరేటర్
స్టాలియన్ పేర్లు, అమ్మినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. పోయినసారి ఒక పేరు మీద 200 పోస్టుల గొడవ అయింది.

దేగ్లూర్_కాకా
తమ్మీ, తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోవాలంటారు. నువ్వు తల్లినీ చూడలేదు, దాని పరుగూ చూడలేదు, ముత్తాత పేరు చూసి తెచ్చావు. సరే అయిపోయింది. నోరు తెరిచి పళ్ళన్నా చూశావా?

ధర్మాబాద్_రవి
ఆయనే తెరిచి చూపించాడు కాకా. మంచి వయసుమీద ఉందన్నాడు. నేను పళ్ళు చూశాను కానీ అర్థం ఏం చేసుకోవాలో తెలీదు.

దేగ్లూర్_కాకా
అదీ సంగతి. రేపు పొద్దున దాణా పెట్టేముందు కింది దవడ చూడు. ముందుపళ్ళు ఆరు ఉంటాయి. చిన్నగా, తెల్లగా, మొదట్లో సన్నగా నొక్కినట్టు ఉన్నవి పాలపళ్ళు. పెద్దగా, పసుపు తిరిగి, నిలువుగీతలతో ఉన్నవి అసలు పళ్ళు. ఎన్ని ఏవో లెక్కబెట్టి చెప్పు. మా నాయన దేగ్లూర్ బస్టాండ్ దగ్గర టాంగా నడిపిన రోజుల్లో గుర్రం కొనాలంటే ముందు నోరు, తర్వాత గిట్టలు, ఆఖరికి రంగు. ఇప్పుడు ముందు రీల్స్, తర్వాత పేరు.

మలక్‌పేట్_మాజీ
నేను హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో 11 ఏళ్ళు గుర్రాల దగ్గర పనిచేసి ఇప్పుడు భోకర్‌లో స్థిరపడ్డాను. వంశం కాగితం అంటే ఏంటో అక్కడ చూశాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

రేసు గుర్రాలకి, అంటే థరోబ్రెడ్‌కి, ఇంగ్లండ్‌లో జనరల్ స్టడ్ బుక్, అంటే వంశాల పుస్తకం, 1791లోనే మొదలైంది. మగ వైపు నుంచి లెక్క తీస్తే ఈరోజు ప్రపంచంలో ఉన్న ప్రతి థరోబ్రెడ్ మూడే మూడు గుర్రాల దగ్గర తేలుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. అందులోనూ నూటికి 90 పైగా డార్లీ అరేబియన్ వరసే, అదీ 1764లో పుట్టిన ఎక్లిప్స్ అనే గుర్రం మీదుగా వచ్చింది. మన దేశంలో ఈ పుస్తకం పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ దగ్గర ఉంటుంది. పిల్ల పుట్టగానే సరిపోదు, డీఎన్ఏతో తల్లీతండ్రీ తేలాలి, మెడలో గుర్తింపు నంబరున్న చిప్ ఉండాలి, అప్పుడే పుస్తకంలోకి ఎక్కుతుంది. కృత్రిమ గర్భధారణ కూడా ఒప్పుకోరు, గుర్రం స్వయంగా దాటాల్సిందే.

ఇప్పుడు మీ జిరాక్స్ సంగతి. దాని మీద రిజిస్ట్రేషన్ నంబర్, చిప్ నంబర్ ఉన్నాయా? లేకపోతే అది వంశం కాగితం కాదు, విజిటింగ్ కార్డు.

ధర్మాబాద్_రవి
చిప్ నంబర్ ఉంది మాజీ అన్నా, 15 అంకెలు. కాకపోతే జిరాక్స్ మీద జిరాక్స్ తీసినట్టుంది, చివరి అంకెలు కొంచెం అలుక్కుపోయాయి.

సిరొంచ_శ్రీను
జిరాక్స్ మీద జిరాక్స్‌కి 60 వేలా. మా ప్రాణహిత ఒడ్డున ఆ డబ్బుతో రెండు మంచి ఎడ్లు వస్తాయి.

కుండల్‌వాడి_పటేల్
ఈ డీఎన్ఏలు, పుస్తకాలు అన్నీ ఇంగ్లీషువాడివి. మనవాళ్ళు సుడులు చూసి గుర్రం గుణం చెప్పేవాళ్ళు. నకులుడి పేరు మీద అశ్వశాస్త్రమే ఉంది. మెడకింద దేవ్‌మణి సుడి ఉంటే ఆ గుర్రం యజమానిని నిలబెడుతుంది, అది తల్లి నుంచి పిల్లకి వస్తుంది కూడా. రవీ, సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో పెట్టు.

కిన్వట్_పశుడాక్టర్
పటేల్ గారూ, సుడి గుర్తింపుకి పనికొస్తుంది, అందులో తేడా లేదు. వేలిముద్రలాగా ప్రతి గుర్రానికి సుడుల వరస వేరు, అందుకే గుర్రం పాస్‌పోర్టు (గుర్తింపు పుస్తకం) బొమ్మలో సుడులు కూడా గీస్తారు. అంతేగానీ మెడకింద సుడి ఉంటే 40 కిలోమీటర్లు పరిగెత్తుతుందని నేను సర్టిఫికెట్ రాయలేను.

కుండల్‌వాడి_పటేల్
మీ సర్టిఫికెట్ ఎవరడిగారు సార్. మా తాతకి పంచకళ్యాణి గుర్రం ఉండేది, నాలుగు కాళ్ళూ మొహమూ తెలుపు, అది ఇంట్లో ఉన్నన్నాళ్ళు భూమి పెరిగింది.

బరంపురం_బుజ్జి
గుర్రం పోయాక భూమి ఏమైంది పటేల్ గారూ?

కుండల్‌వాడి_పటేల్
మా బాబాయిలు పంచుకున్నారు. దానికి గుర్రం ఏం చేస్తుంది.

రాయగడ_లలిత
నేను కాలేజీలో జీవశాస్త్రం చెప్తాను, గుర్రం ఎక్కింది జన్మలో ఒక్కసారి, పూరీ బీచ్‌లో. కానీ రవిగారి కాగితంలో లెక్క ఉంది కాబట్టి నోరు ఊరుకోవడం లేదు.

ఆ పేరున్న స్టాలియన్ తండ్రి వైపు మూడో తరంలో ఉన్నాడంటే మీ ఘోడీకి ముత్తాత. సగటున ముత్తాత వాటా ఎనిమిదో వంతు, 12.5 శాతం. తల్లి వైపు నాలుగో తరంలో ఉన్నాడు, అక్కడ పదహారో వంతు, 6.25 శాతం. రెండూ కలిపితే 19 శాతం కూడా లేదు. మిగతా 81 శాతం ఎవరిదో మీరు అడగనే లేదు. దీన్నే గుర్రాలవాళ్ళు 3×4 అని రాస్తారు. రక్తం దగ్గరితనం లెక్క కట్టాలంటే ఇది ఒకటిన్నర శాతం పైచిలుకు, భయపడాల్సిందేం లేదు. తేలిగ్గా అర్థం కావాలంటే, మన ఇళ్ళల్లో మేనమామని చేసుకుంటే పుట్టే పిల్లలకి ఆ లెక్క 12.5, మేనబావ అయితే 6.25.

సిరొంచ_శ్రీను
అక్కా, మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే. నా పేరు పక్కన కూడా 3×3 అని రాసుకోవాలా?

దేగ్లూర్_కాకా
అందుకే నీకు ధర వస్తలేదు.

మలక్‌పేట్_మాజీ
లలిత మేడమ్ చెప్పిన దాంట్లో ఒక ముఖ్యమైన సంగతి ఉంది, తల్లి. రేసుల్లో కూడా అందరూ తండ్రి పేరే చెప్తారు ఎందుకంటే ఒక స్టాలియన్‌కి ఏడాదిలో వందకి పైగా పిల్లలు పుట్టొచ్చు, ఆడగుర్రానికి 11 నెలల చూలు, ఏడాదికి ఒక్కటే. అందుకని తండ్రి పేరు అందరికీ తెలుస్తుంది, తల్లి పేరు దాని ఊళ్ళోనే ఉంటుంది. అమెరికా రేసు గుర్రం సెక్రటేరియట్ సంగతి తీసుకోండి. 1973లో బెల్మాంట్ పందెం 31 లెంగ్త్‌ల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచింది, ఆ టైమ్ రికార్డు ఇప్పటికీ అట్లాగే ఉంది. దాని కొడుకుల్లో దానంతటిది రాలేదు. కానీ దాని కూతుళ్ళ కడుపున ఏపీ ఇండీ, స్టార్మ్ క్యాట్, గాన్ వెస్ట్ పుట్టాయి, మూడూ వంశాలు నిలబెట్టాయి. దాని గుండె 10 కిలోలు ఉండొచ్చని శవపరీక్ష చేసిన డాక్టర్ అంచనా కట్టాడు, తూకం మాత్రం వేయలేదు. ఆ పెద్ద గుండె కూతుళ్ళ ద్వారానే దిగుతుందని ఒక వాదం బాగా తిరిగింది, నిరూపించినవాళ్ళు లేరు.

కిన్వట్_పశుడాక్టర్
తల్లి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1938లో ఇంగ్లండ్‌లో బండిలాగే పెద్ద షైర్ గుర్రాన్ని, చిన్న షెట్‌లాండ్ పోనీని అటూ ఇటూ సంకరం చేసి చూశారు. రెండు వైపులా జీన్స్ సగం సగమే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్లలు షెట్‌లాండ్ తల్లికి పుట్టినవాటికంటే దాదాపు మూడురెట్లు బరువున్నాయి. కడుపు ఎంత ఉంటే పిల్ల అంత. కాబట్టి రవి, రేపు నువ్వు పిల్లను తీసేటప్పుడు 65 ఇంచుల స్టాలియన్‌ని వెతుక్కుంటూ తిరగడం కంటే నీ ఘోడీ మేపు చూసుకో.

ధర్మాబాద్_రవి
ఇవన్నీ బాగున్నాయి సార్. కానీ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు డ్రెసాజ్ (గుర్రాన్ని చెప్పినట్టు నడిపించే పోటీ) టీమ్ గోల్డ్ తెచ్చారు కదా, గుర్రాలన్నీ యూరప్‌వే. ఫవాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌కి పోయింది కూడా జర్మనీ గుర్రంతోనే. మరి వాళ్ళు వంశం చూసి చూసే కదా అక్కడికి చేరారు? మనం ఎందుకు చూడకూడదు?

మలక్‌పేట్_మాజీ
చూడొద్దని ఎవరన్నారు? వాళ్ళు పేరు ఒక్కటే చూడరు అంటున్నా. జర్మనీలో సెల్ అనే ఊళ్ళో సర్కారు గుర్రాల ఫారం 1735 నుంచి ఉంది, హనోవేరియన్ జాతి అక్కడే తయారైంది. మంచి వంశంలో పుట్టినా సరే మగపిల్లని పరీక్ష పెట్టకుండా స్టాలియన్‌గా ఒప్పుకోరు. నడక, దూకడం, ఎక్కినవాడి మాట వినడం, అన్నీ మార్కులు. ఆ తర్వాత దాని పిల్లలు ఎట్లా ఉన్నాయో మళ్ళీ లెక్క. మన మేళాలో స్టాలియన్‌కి పరీక్ష ఏంటంటే డోలు కొడితే రెండు కాళ్ళ మీద నిలబడి ఆడుతుందా లేదా.

సిరొంచ_శ్రీను
డోలుకి ఆడే గుర్రానికి మా వైపు పెళ్ళిళ్ళ సీజన్‌లో ఉన్న గిరాకీ మీ జర్మనీ గుర్రానికి రాదు అన్నా.

రాయగడ_లలిత
రవిగారూ, ఏ గుణం ఎంత దిగుతుందనేది ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది. చెవుల మెలిక, ఎత్తు, రంగు ఇవి బాగా దిగుతాయి. గెలవడం తక్కువ దిగుతుంది, ఎందుకంటే అందులో మేత, శిక్షణ, ఎక్కేవాడు, ఆ రోజు ఎండ, అన్నీ కలుస్తాయి. కొన్నిటికి జీన్ దొరికింది కూడా. 2010లో ఐర్లాండ్‌వాళ్ళు థరోబ్రెడ్‌లలో మయోస్టాటిన్ జీన్ చూసి ఒక రకం ఉన్నవి పొట్టి దూరానికి, ఇంకో రకం ఉన్నవి పొడుగు దూరానికి సరిపోతాయని చెప్పారు. 2012లో స్వీడన్‌వాళ్ళు డీఎంఆర్‌టీ3 అనే జీన్‌లో చిన్న మార్పే ఐస్‌లాండ్ గుర్రాల ప్రత్యేకమైన నడకలకి మూలమని కనిపెట్టారు.

కుండల్‌వాడి_పటేల్
మన రవాల్ చాల్ కూడా అదేనా? నీళ్ళగ్లాసు పట్టుకుని కూర్చున్నా తొణకదు, ఆ నడక.

రాయగడ_లలిత
మీ గుర్రం వెంట్రుకలు పరీక్షకి పంపితేనే చెప్పగలం పటేల్ గారూ. ఎక్కడో ఐస్‌లాండ్‌లో ఉంది కాబట్టి ఇక్కడా అదే అనుకోలేం.

కుండల్‌వాడి_పటేల్
ఈసారి మీరు చెప్పింది బాగుందమ్మా.

ధర్మాబాద్_రవి
కాకా, పొద్దున పళ్ళు చూశాను. కింద ఆరింటిలో నడిమివి నాలుగు పెద్దవి, పసుపు, గీతలు. చివరన అటొకటి ఇటొకటి చిన్నగా తెల్లగా ఉన్నాయి. మా తమ్ముడు నాలుక పక్కకి పట్టుకున్నాడు, వాడి చెయ్యి కొరకబోయింది.

దేగ్లూర్_కాకా
నడిమి జత రెండున్నరేళ్ళకి మారుతుంది, దాని పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి. నీ ఘోడీకి చివరివి ఇంకా పాలపళ్ళే అంటే నాలుగున్నర దాటలేదు. కాగితంలో వయసు ఎంత రాశాడు?

ధర్మాబాద్_రవి
కాగితం ప్రకారం ఇప్పుడు ఏడో ఏడు నడవాలి.

సిరొంచ_శ్రీను
ఇదేంటిది. వయసు తగ్గించి అమ్మేవాళ్ళని చూశాం, పెంచి అమ్మినవాడిని ఇదే చూడటం.

కిన్వట్_పశుడాక్టర్
పళ్ళు ఆరునెలలు అటూ ఇటూ చెప్తాయి, రెండున్నరేళ్ళు తేడా చెప్పవు. కాకా లెక్క సరైనదే. రవి, కాగితంలో ఇంకా ఏమేం రాసుంది? రంగులు, గుర్తులు అన్నీ పెట్టు. పేర్లు వద్దు.

ధర్మాబాద్_రవి
తండ్రి: సురంగ్, మొహం మీద పట్టె. తల్లి: సురంగ్, గుర్తుల్లేవు. ఘోడీ రంగు దగ్గర "ఎరుపు" అని మాత్రమే ఉంది. కాళ్ళ గుర్తుల గడి ఖాళీ.

రాయగడ_లలిత
ఆగండి. సురంగ్ అంటే ఒళ్ళంతా, జూలుతో సహా ఎరుపు, అంతేనా? మీ ఘోడీని మొదటి పోస్టులో కుమ్మైత్ అన్నారు. అంటే జూలు, తోక, కాళ్ళ కింది భాగం నలుపా?

ధర్మాబాద్_రవి
ఇప్పుడే టార్చి వేసి చూసొచ్చాను. తోక నలుపు. జూలు నలుపే, కొసలు కొంచెం గోధుమరంగు. ముందుకాళ్ళు మోకాళ్ళ దాకా నలుపు, వెనక ఎడమది తెలుపు, కుడిది నలుపు. ఏమైంది మేడమ్?

రాయగడ_లలిత
ఏమైందంటే, ఈ కాగితం ఈ ఘోడీది కాదు.

గుర్రం ఒంటిమీద నల్లరంగు తయారుకావాలంటే ఒక జీన్ కావాలి. అది తల్లి నుంచైనా రావాలి, తండ్రి నుంచైనా రావాలి, ఒక్కటి చాలు. సురంగ్ గుర్రం దగ్గర ఆ జీన్ ఒక్కటి కూడా ఉండదు, ఉంటే అది సురంగ్ అవ్వదు. తల్లీ తండ్రీ ఇద్దరూ సురంగ్ అయితే పిల్లకి నలుపు ఎక్కడి నుంచి వస్తుంది? రెండు సురంగ్‌లకి సురంగే పుడుతుంది. జూలు నల్లగా, కాళ్ళు నల్లగా ఉన్న కుమ్మైత్ పుట్టదు.

కుండల్‌వాడి_పటేల్
రంగులు ఎండకి మారుతాయి. ఎండాకాలం నల్లగుర్రమే ఎర్రబడుతుంది. పైగా మేళాలో సగంమందికి కుమ్మైత్‌కీ సురంగ్‌కీ తేడా తెలీదు, ఎరుపు కనిపిస్తే నోటికొచ్చింది రాస్తారు.

కిన్వట్_పశుడాక్టర్
పటేల్ గారి రెండో మాట నిజం, తల్లిదండ్రుల రంగే తప్పు రాసి ఉండొచ్చు. కానీ మొదటిది కాదు. ఎండకి నలుపు ఎర్రబడుతుంది, ఎరుపు నల్లబడదు. మోకాళ్ళ దాకా నలుపు ఎండ తెచ్చేది కాదు. రవి, ఆ రెండు గుర్రాల ఫోటోలు దొరుకుతాయా?

మలక్‌పేట్_మాజీ
సబ్జా, అంటే బూడిదరంగు తెలుపు, గుర్రాలకి కూడా ఇట్లాంటి నియమమే. పిల్ల సబ్జా అయితే తల్లో తండ్రో ఒకటి సబ్జా అయి తీరాలి, తరం దాటి రాదు. డీఎన్ఏ పరీక్షలు రాకముందు స్టడ్ బుక్‌వాళ్ళు దొంగ కాగితాలు పట్టుకున్నది ఇట్లాగే.

ధర్మాబాద్_రవి
ఫోటోలు అమ్మినాయన వాట్సాప్‌లో పంపినవే ఉన్నాయి, ఇప్పటిదాకా తండ్రి మొహమే చూసి మురిసిపోయాను. ఇప్పుడు తోకలు చూశాను. రెండూ ఎరుపే. తల్లి జూలైతే ఒంటికంటే లేత రంగు.

సిరొంచ_శ్రీను
డబ్బు వెనక్కి అడుగు. ఈరోజే అడుగు. నాలుగు బండ్లలో పోదాం, నేనూ వస్తా.

దేగ్లూర్_కాకా
నువ్వు సిరొంచ నుంచి బయల్దేరి లోహా చేరేసరికి ఆ ఘోడీకి చివరి జత కూడా మారుతుంది. రవీ, గొడవకి పోకు. చేతిలో రుజువు లేకుండా నోరు పెంచితే వాడే నిన్ను దబాయిస్తాడు.

కిన్వట్_పశుడాక్టర్
ముందు చిప్ చదివించు. మెడ ఎడమవైపు, జూలుకి కాస్త కింద ఉంటుంది. రీడర్ ఉన్న డాక్టర్ దగ్గరికి పో, లేదా ఆదివారం నేను ధర్మాబాద్ వైపు వస్తున్నా, ఇంట్లో టీ ఇస్తే చాలు. తర్వాత వెంట్రుకలు. కత్తిరించొద్దు, జూలు నుంచి 20, 30 వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకాలి, డీఎన్ఏ ఉండేది ఆ కుదుళ్ళలోనే. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడితే పాడవుతాయి, మామూలు కాగితం కవరు. మార్వాడీలకి ఇండిజినస్ హార్స్ సొసైటీ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు ఉంటాయి. పరీక్షల సంగతికి హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రాన్ని అడుగు. ఒకటి గుర్తుపెట్టుకో, తల్లిదండ్రుల నమూనాలు కూడా ఉంటేనే ఫలానా దాని పిల్ల అవునో కాదో తేలుతుంది. నీ ఒక్క ఘోడీ వెంట్రుకలు పంపితే తండ్రి పేరు రాసి పంపరు.

బరంపురం_బుజ్జి
అంటే గుర్రాల్లో కూడా తండ్రి కోర్టుకి రావాలన్నమాట.

రాయగడ_లలిత
తల్లి సంగతి కూడా ఇప్పుడు అంత తేలిక కాదు బుజ్జీ. 2023లో బికనేర్‌లో మార్వాడీ పిండాన్ని వేరే ఘోడీ కడుపులో పెట్టి పిల్లను తీశారు, రాజ్-ప్రథమ అని పేరు పెట్టారు. అక్కడ మోసిన తల్లి వేరు, రక్తం ఇచ్చిన తల్లి వేరు.

మలక్‌పేట్_మాజీ
రవి భాయ్, ఈలోపు ఇంకో మాట. మార్వాడీ కాగితం కోసం ఇంత పాకులాట ఎందుకు? భీమా నది ఒడ్డు గుర్రం, భీమ్‌థడీ, దక్కనీ అని కూడా అంటారు, మరాఠా సైన్యం తిరిగింది దాని మీదే. ఈమధ్యే దాన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. 62 ఇంచులు ఉండదు, చెవులు మెలి తిరగవు, కానీ కొండల్లో రోజంతా నడుస్తుంది. ఎండ్యూరెన్స్‌కి నేనైతే దాన్నే చూస్తా.

కుండల్‌వాడి_పటేల్
వంశం అంటే కాగితమే కాదని నేనూ అదే అంటున్నా. నాందేడ్ హుజూర్ సాహిబ్ గురుద్వారాలో గుర్రాలున్నాయి, గురు గోవింద్ సింగ్ గారి గుర్రం వంశమని చెప్తారు. దసరాకి ఊరేగింపులో వస్తుంటే వేలమంది దారి ఇస్తారు. వాటిని ఎక్కరు, అమ్మరు. అక్కడికి పోయి డీఎన్ఏ అడుగుతారా ఎవరన్నా?

దేగ్లూర్_కాకా
అక్కడ అడగం. మాళేగావ్‌లో 60 వేలు ఎక్కువ అడిగినవాణ్ణి మాత్రం అడుగుతాం.

ధర్మాబాద్_రవి
ఆదివారం డాక్టర్ సార్ వచ్చారు. టీతోపాటు మా ఆవిడ మిర్చి బజ్జీలు కూడా వేసింది, గుర్రం వచ్చాక ఇంట్లో ఇది మొదటి మంచి రోజు. ఎడమ మెడ మీద రీడర్ పెట్టి రెండుసార్లు అటూ ఇటూ జరిపితే పలకలేదు, మూడోసారి ఇంకొంచెం కిందికి తెస్తే కూత వేసింది. 15 అంకెలు వచ్చాయి. కాగితంలో నంబర్‌తో మొదటి 11 కలిశాయి, చివరి నాలుగు కలవలేదు. జిరాక్స్‌లో అలుక్కుపోయిన అంకెలు కూడా అవే.

అప్పుడు ఫోన్ చేశాను. కాకా చెప్పినట్టే గొంతు పెంచలేదు. పళ్ళు, తోక, చిప్ మూడూ వరసగా చెప్పాను. అటువైపు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, యాత్రలో 9 గుర్రాలు తెచ్చాననీ, రద్దీలో మీకు వేరే ఘోడీ కాగితం వచ్చిందనీ అన్నాడు. సాయంత్రానికి ఇంకో కాగితం పంపాడు. చిప్ నంబర్ కలిసింది. పుట్టిన తేదీ లెక్కేస్తే నాలుగేళ్ళ రెండు నెలలు. తండ్రి సురంగ్, తల్లి కుమ్మైత్. పేరున్న స్టాలియన్ ఎక్కడా లేదు, నాలుగు తరాల్లో నేను విన్న పేరు ఒక్కటి కూడా లేదు.

సిరొంచ_శ్రీను
60 వేలు?

ధర్మాబాద్_రవి
ముందు ఒక్క రూపాయి ఇవ్వనన్నాడు, వయసు చిన్నదొచ్చింది కదా సంతోషపడండి అన్నాడు. చివరికి 35 వేలు పంపాడు. మిగతాది అడగను, అడగలేక కాదు, ఇంకో పని చేయించుకున్నాను. తల్లి ఎక్కడుందో చెప్పమన్నాను.

రాయగడ_లలిత
పళ్ళు కాకా చూశారు, తోక నేను పట్టుకున్నాను, ఇద్దరికీ చెరో బజ్జీ పంపాలి.

కుండల్‌వాడి_పటేల్
సుడులు చూసి ఉంటే నేను ముందే చెప్పేవాణ్ణి. పాస్‌పోర్టులో సుడుల బొమ్మ ఉంటుందని డాక్టర్ గారే అన్నారు.

కిన్వట్_పశుడాక్టర్
అవును పటేల్ గారూ, ఈసారి మీ మాటే. బొమ్మ ఉన్న అసలు పాస్‌పోర్టు అడిగి ఉంటే యాత్రలోనే తేలిపోయేది.

ధర్మాబాద్_రవి
నిన్న కంధార్ వైపు ఒక పల్లెకి పోయి తల్లిని చూశాను. 14 ఏళ్ళ ఘోడీ, వేపచెట్టు కింద కట్టేసి ఉంది, వీపు కొంచెం కిందికి వంగింది. కుమ్మైత్. వెనక ఎడమకాలికి తెల్ల మేజోడు, మా దానికి ఉన్నంతే, మడమ మీద చిన్న నల్లచుక్కతో సహా. ఆయన రైతు, పత్తి చేను. వారానికి రెండుసార్లు దానిమీదే 18 కిలోమీటర్లు బజారుకి పోయివస్తాడట, ఇప్పటికీ. ఆరు ఈతలు ఈనింది, ఒక్కసారీ డాక్టర్ని పిలవలేదన్నాడు. నన్ను ఎక్కమన్నాడు. జీను లేదు, గోనె పరిచి పైన దుప్పటి వేశాడు. పటేల్ గారూ, రవాల్ అంటే ఏంటో నాకు నిన్నే తెలిసింది. చేలగట్టు మీద పోతుంటే జేబులో చిల్లర కూడా చప్పుడు చేయలేదు.

దేగ్లూర్_కాకా
ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా. మీ దానికి ఆ నడక ఉందా లేదా?

ధర్మాబాద్_రవి
ఉన్నట్టే ఉంది కాకా, మధ్యలో తప్పుతుంది. నాకు ఎక్కడం రాక తప్పుతుందో, దానికే లేదో తెలీదు. గోదావరి ఒడ్డున రోజూ పొద్దున 12 కిలోమీటర్లు తిప్పుతున్నా. ఆగాక 10 నిమిషాలకి గుండె 56కి దిగుతోంది.

మలక్‌పేట్_మాజీ
పోటీలో వెట్ గేట్ (డాక్టర్ గుర్రాన్ని చూసే చోటు) దగ్గర గుండె 64 లోపు రావాలి. 12 కిలోమీటర్లకి 56 అంటే మంచిదే, కానీ మాఘం చలిలో చెప్పేది లెక్కకాదు. చైత్రంలో కొలిచి రాయి. నాలుగేళ్ళ పిల్ల అని ఇప్పుడు తెలిసింది కదా, దౌడు తగ్గించు. ఏడేళ్ళదనుకుని తోలి ఉంటే కాళ్ళు పోగొట్టేవాడివి.

ధర్మాబాద్_రవి
ఒక్క అనుమానం. తల్లి ముందు కుడి గిట్ట అంచు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉంది. మా దానికి కూడా అదే గిట్ట, అదే చోట. ఇది కూడా వంశమేనా డాక్టర్ సార్?

కిన్వట్_పశుడాక్టర్
రెండిటికీ నాల్ (లాడం) కొట్టేది ఒక్కడేనా? ముందు అది కనుక్కో.